సముద్రం దాటిన చదువు, వీధి దాటని చదువు

ఈ మధ్య విద్యారంగంలో ఒక కొత్త మాట చలామణి అవుతున్నది. దాన్ని ప్రపంచ సామర్థ్యం అంటున్నారు. ఇతర దేశాల మనుషులను, ఇతర సంస్కృతులను అర్థం చేసుకొని, వారితో కలిసి మెలిసి పనిచెయ్యగల శక్తిని బడి పిల్లలకు అలవరచాలన్నది దాని సారాంశం. పారిస్‌లో కార్యస్థానం గల ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ తాను నిర్వహించే పీసా పరీక్షలో 2018లో ఈ సామర్థ్యాన్ని కూడా కొలిచింది. 27 దేశాల, ప్రాంతాల విద్యార్థులు ఆ పరీక్ష రాశారు. మన దేశం వారిలో లేదు. అయినా 2020 జాతీయ విద్యావిధానం ప్రపంచ పౌరసత్వం గురించి మాట్లాడింది. మాట పై నుంచి కిందికి దిగుతున్నది. రేపో మాపో మార్కాపురం, గిద్దలూరు, కంభం బడుల ఉపాధ్యాయుల దగ్గరకు ఒక ఉత్తరువుగా వచ్చి చేరుతుంది.

మాట కొత్తదే గాని కోరిక కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో కోట్లాది జనం మరణించిన తరువాత, మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోకపోతే మళ్ళీ ఇదే జరుగుతుందన్న భయంతో యునెస్కో 1953లో వివిధ దేశాల పాఠశాలలను కలిపే పథకం ఒకటి ప్రారంభించింది. అంతర్జాతీయ అవగాహన కోసం విద్య ఎట్లా ఉండాలో 1974లో సభ్యదేశాలకు సిఫారసు చేసింది. ఆనాటి కోరిక యుద్ధభయం నుంచి పుట్టింది. ఈనాటి కోరికలో ఆ భయంతో పాటు, దేశదేశాల్లో ఉద్యోగం చెయ్యగల మనిషిని తయారుచెయ్యాలన్న వ్యాపార అవసరం కూడా కలిసి ఉన్నది. ఈ రెంటినీ వేరుచేసి చూడటం ఉపాధ్యాయులు మొదట చెయ్యవలసిన పని.

ఐతే ఉత్తరువు వచ్చినప్పుడు బడిలో సాధారణంగా ఏం జరుగుతుందో మనకు తెలుసు. గోడ మీద దేశాల జెండాలు అతికిస్తారు. ఒకరోజు పిల్లలకు జపాను, అరబ్బు వేషాలు వేసి ఫోటోలు తీస్తారు. ఆ ఫోటోలు పైకి పంపిస్తారు. అక్కడితో ప్రపంచం అర్థమైపోతుంది! ప్రపంచం ఎక్కడో దూరాన ఉన్నది, దాన్ని ఇక్కడికి తెచ్చి చూపాలి అనే భావం ఈ తంతు వెనుక ఉన్నది. ఈ భావం తప్పు. పశ్చిమ ప్రకాశమని మనం పిలుచుకొనే ఈ మెట్టప్రాంతం ప్రపంచానికి దూరంగా ఎన్నడూ లేదు. ఇక్కడి చదువుకు, రాతికి, తోలుకు, కరువుకు ప్రపంచంతో 200 ఏళ్ళకు పైబడిన సంబంధం ఉన్నది. ఆ సంబంధపు చరిత్రను పరిశీలిస్తే ఒక విచిత్రమైన విషయం బయటపడుతుంది. చదువు సముద్రాలు దాటింది గాని వీధి దాటలేకపోయింది. ఈ వ్యాసంలో ప్రతిపాదించదలచినది ఇదే.

ఇసుక నుంచి పలకకు

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు 1787లో మద్రాసు వచ్చాడు. 1789లో ఎగ్మూరులోని మగపిల్లల అనాథశాలకు అధికారి అయ్యాడు. ఆ రోజుల్లోనే ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవటం అతని కంటబడింది. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. తన అనాథశాలలో అతడు ఆ ఇసుకనే ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించటాన్ని ఒక క్రమపద్ధతిగా తీర్చాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి 1797లో ఆ అనుభవాన్ని పుస్తకంగా ప్రకటించాడు. మద్రాసు పద్ధతి అనే పేరుతో అది అక్కడ వ్యాపించింది. 1798లో లండనులోని పేదపిల్లలకు బడి పెట్టిన జోసెఫ్ లాంకాస్టర్ ఇటువంటి పద్ధతినే వేల మందికి సరిపోయేట్లు విస్తరించాడు. ఇసుకతో పాటు రాతిపలకను విరివిగా వాడుకలోకి తెచ్చాడు. లాంకాస్టర్ బడులు అమెరికా ఖండాలకు పాకాయి. వాటి వెంట పలక కూడా పోయింది.

ఇంగ్లండులో ఫ్యాక్టరీలు పెరుగుతున్న కాలమది. అక్కడి పాలకవర్గానికి పేదల పిల్లలకు అక్షరాలు రావాలి, కాని ఖర్చు కాకూడదు. మన అరుగుబడిలో పేదరికం నేర్పిన పొదుపు వారికి సరిగ్గా కలిసివచ్చింది. వలసదేశపు విజ్ఞానం పాలకదేశానికి వెళ్ళి, అక్కడి అవసరం కొద్దీ మారి, ప్రపంచమంతా తిరిగి, చివరికి మన బడులకు రాతిపలక రూపంలో వచ్చి చేరింది. పడమటి దేశాల నుంచి మనకు వెలుగు వచ్చిందని పాఠ్యపుస్తకాల్లో చదివిన విద్యార్థికి, అటు నుంచి ఇటు ఎంత వచ్చిందో ఇటు నుంచి అటు కూడా కొంత పోయిందని తెలిస్తే, ఇతర దేశస్థుడి ముందు నిలబడే తీరే మారుతుంది. వాడిలో గర్వమూ పెరగదు, న్యూనతా పెరగదు. ఇచ్చిపుచ్చుకోవటమే నాగరికత అని తెలుస్తుంది.

బళ్ళారి లెక్క చెప్పే సంగతి

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా బడుల లెక్క తీయించాడు. వచ్చిన మొత్తం లెక్క ప్రకారం 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ఆనాడు కంభం, మార్కాపురం ప్రాంతాలు కడప జిల్లాలో, అంటే దత్తమండలంలో ఉండేవి. 1858లో కర్నూలు జిల్లాలో చేరాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. దత్తమండలంలోనే పొరుగు జిల్లా అయిన బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక మనకు ముఖ్యం.

ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. ఆ 533లో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ బడులు 23, పారశీక బడులు 21, అరవ బడులు 4, ఇంగ్లీషు బడి 1. తక్కిన 23 సంస్కృత పాఠశాలలు. ఒక్క జిల్లాలో ఏడు భాషల చదువు! సంతకు వెళ్ళినా, కచేరీకి వెళ్ళినా రెండు మూడు భాషలు చెవిన పడే సమాజం అది. బహుభాషల మధ్య బతకటం మనకు ఎవరో కొత్తగా నేర్పవలసిన విద్య కాదని ఈ లెక్క చెప్తున్నది.

కాని అదే లెక్కలో మరో అంకె ఉన్నది. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. మాల మాదిగల పిల్లలకు ఊరి అరుగు ఎక్కే హక్కే లేదు. బెల్‌కు నచ్చిన ఇసుక సముద్రాలు దాటి ప్రయాణం చేసి లండను పేదపిల్లవాడి వేలి కిందికి చేరింది. అరుగుకు నాలుగు బారల దూరంలో ఉన్న పల్లె పిల్లవాడి వేలి కిందికి చేరలేదు. మన సంప్రదాయ విద్యను పొగిడేవారు మొదటి అంకె చెప్పి ఊరుకుంటారు. తెగడేవారు రెండవ అంకె చెప్పి ఊరుకుంటారు. చరిత్ర చదివేవారు రెంటినీ కలిపి చదవాలి.

కాంబెల్ ఇంకొక నిజం కూడా దాచలేదు. బడులు క్షీణించటానికి జనం పేదవాళ్ళు కావటమే కారణమన్నాడు. ఐరోపా బట్టలు దిగి ఇక్కడి చేతిపనులవారి బతుకులు కుంగిపోవటాన్ని అందులో ఒక కారణంగా చూపాడు. కంపెనీ కలెక్టరు చేతనే చరిత్ర చెప్పించిన నిజం ఇది. లంకాషైరు మగ్గం తిరిగినప్పుడు దత్తమండలంలో ఒక బడి తలుపు మూతపడింది. ప్రపంచ సంబంధమంటే ఇటువంటిది కూడాను.

గుండ్లకమ్మ ఒడ్డున

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువులో నిండి, మార్కాపురం మెట్ట మీదుగా ఒంగోలు వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. 19వ శతాబ్దం రెండవ సగంలో ఈ ఏటి పొడుగునా జరిగిన కథ, రెండు సంస్కృతులు ఎదురుపడినప్పుడు ఏమవుతుందో చూపే మంచి ఉదాహరణ.

అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. దొరే ముందు వచ్చి పల్లెలను వెతుక్కుంటూ పోయాడని మనం అనుకుంటాం. జరిగింది వేరు. ఒంగోలుకు పడమటి పల్లెల్లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. రాజయోగ మార్గంలో సాధన చేసినవాడు, తన చుట్టూ శిష్యులున్నవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు కొత్త మతం సంగతి విని, తానే దాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అంటే జిజ్ఞాస ఇటువైపు నుంచి కూడా ఉన్నది. తోళ్ళమూటతో ఊళ్ళు తిరిగిన మనిషికి, అక్షరం రాకపోయినా, కొత్త విషయాన్ని విని, తూచి, తీసుకోగల శక్తి ఉన్నది. ఈనాటి పరీక్షలు కొలవాలనుకుంటున్న సామర్థ్యం అదేగదా!

1867లో క్లౌకు ఒక పరీక్ష వచ్చింది. పై కులాలవారు కొందరు అతనితో స్నేహంగా ఉండేవారు. వారి పిల్లలు బడికి వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని వారు తెగేసి చెప్పారు. క్లౌ మాదిగల పక్షానే నిలిచాడు. పై కులాలవారు దూరమయ్యారు. సర్వదేశాల సోదరత్వం ప్రకటించే మతాన్ని వినటానికి వారికి అభ్యంతరం లేదు. ఇంగ్లీషు నేర్చుకోవటానికి అభ్యంతరం లేదు. అమెరికా మనిషి పక్కన కూర్చోవటానికీ అభ్యంతరం లేదు. తమ ఊరి మనిషి పక్కన కూర్చోవటానికే అభ్యంతరం! సంస్కృతుల మధ్య అవగాహనకు ఈ దేశంలో అసలు అడ్డుగోడ ఎక్కడున్నదో 1867 ఒంగోలు బడి చూపింది.

మిషనరీలను మనం ఊరికే పొగడనక్కరలేదు. వారి వెనుక సామ్రాజ్యపు నీడ ఉన్నది. ఇక్కడి దేవుళ్ళను, ఆచారాలను చిన్నచూపు చూసే అలవాటు వారిలో అనేకులకు ఉన్నది. అయినా 1876-78 నాటి మహాకరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే పనిని కంట్రాక్టుకు తీసుకొని వేలాది ఆకలిజనానికి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. కేవలం మతప్రచారమే దీనికి కారణమనటం చరిత్ర కాదు. శతాబ్దాల అవమానం, రెండేళ్ళ ఆకలి, మనిషిగా చూసే ఒక చోటు దొరకటం, ఈ మూడూ కలిశాయి. తరువాతి దశకాల్లో కంభం, మార్కాపురం పట్టణాల్లో కూడా మిషను కేంద్రాలు, వాటి వెంట బడులు వెలిశాయి. వీధిబడి అరుగు ఎక్కనివ్వని పిల్లలు అక్కడ పలక పట్టారు.

ఈ కథలో ఇంకొక మనిషి ఎమ్మా రౌషెన్‌బుష్. జర్మను మూలాలున్న అమెరికను స్త్రీ. 1882లో ఇండియా వచ్చింది. స్విట్జర్లండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీ హక్కుల రచనల మీద పరిశోధన చేసి డాక్టరు పట్టం పొందింది. 1894లో క్లౌను వివాహమాడింది. ఆమె మాదిగ పెద్దల చేత కథలు చెప్పించుకొని, మాతంగి గాథలు, యోగుల చరిత్రలు, పేరయ్య బతుకు సేకరించి, చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకొన్న కథలన్న భావం వచ్చే పేరుతో 1899లో ఇంగ్లీషు పుస్తకం ప్రకటించింది. మిషనరీ దృష్టి ఆ పుస్తకంలో ఉన్నది. కాని కూర్చొని వినటం కూడా ఉన్నది. ఆ రోజుల్లో మన పండితులెవరూ ఆ గడపల ముందు కూర్చొని ఆ కథలు వినలేదు. మన ఊరి చివరి మనిషి కథ లండనులో అచ్చయింది, ఊరి మధ్య బడిలో వినబడలేదు.

పలకలు చేసిన పిల్లలు

19వ శతాబ్దం చివరికి గుంతకల్లు నుంచి బెజవాడ వైపు రైలుమార్గం పడింది. అది నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండల మీదుగా పోయింది. ఈ ప్రాంతపు నేల కింద ఉన్న రాయి పొరలు పొరలుగా చీలే రాయి. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ శిలావరుసకు కంభం పేరే పెట్టారు. ఆ రాతిని తవ్వి, పొరలు విప్పి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. మార్కాపురం పలకల ఊరయింది. ఇక్కడి పలకలు దేశమంతటా, విదేశాలలోనూ బడి పిల్లల చేతికి చేరాయి. ఏయే భాషల తొలి అక్షరాలు ఈ రాతి మీద పడ్డాయో ఎవరు లెక్కపెట్టగలరు? ప్లాస్టిక్కు, నోటుపుస్తకం వచ్చి పలక గిరాకీ తగ్గిన తరువాత అదే రాయి ఇళ్ళ గోడలకూ నేలకూ పరిచే బిళ్ళలుగా విదేశాలకు పోతున్నది.

ఇంత గొప్ప పరిశ్రమ గురించి చెప్పుకొనేటప్పుడు చెప్పి తీరవలసిన విషయం మరొకటి ఉన్నది. 1987లో కేంద్రప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, ప్రత్యేక పథకాలకు కొన్ని ప్రాంతాలను మొదటగా ఎంచుకొన్నది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి, మీర్జాపూరు తివాచీలు ఆ జాబితాలో ఉన్నాయి. వాటి సరసనే మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ పలకల పరిశ్రమ, మన మార్కాపురం పలకల పరిశ్రమ ఉన్నాయి. అంటే లోకంలోని పిల్లలకు చదువు ఇచ్చే వస్తువును, చదువు లేని పిల్లలు తయారుచేశారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకొనే చోట, బలపం పట్టవలసిన వేళ్ళు పలకలు నునుపు చేశాయి. ఆ పథకం కింద ప్రత్యేక బడులు నడిచాయి. 2009 విద్యాహక్కు చట్టం వచ్చింది. 2021లో ఆ పథకాన్ని సమగ్ర శిక్షలో కలిపివేశారు. ఆనాటి స్థితి ఈనాడు లేదు. కాని ఆనాటి చరిత్ర మన బడి పాఠంలోనూ లేదు. అది ఎందుకు లేదు?

వేల్సు కొండల నుంచి మార్కాపురానికి

బ్రిటనులోని ఉత్తర వేల్సు కూడా పలకరాతి సీమే. 19వ శతాబ్దంలో అక్కడి రాయి ఇళ్ళ కప్పులుగా, బడి పలకలుగా దేశదేశాలకు పోయింది. అక్కడ అతిపెద్ద గని పెన్‌రిన్. దాన్ని అభివృద్ధి చేసిన పెన్నంట్ కుటుంబపు సంపద జమైకాలో నీగ్రో బానిసల చేత చెరకు పండించి ఆర్జించినది. జమైకా బానిస చెమట వేల్సులో గని అయింది. వేల్సు కార్మికుని దుమ్ము లండనులో ఇంటికప్పు అయింది. ఆ గని కార్మికులు సంఘం పెట్టుకొనే హక్కు కోసం 1900 నుంచి 1903 దాకా మూడేళ్ళపాటు పోరాడారు. పోరాటం ఓడిపోయింది. బెతెస్డా అనే ఆ ఊరు చీలిపోయింది, ఎందరో వలసపోయారు.

ఆ కార్మికులే తమ చాలీచాలని కూలిలో నుంచి చందాలు వేసుకొన్నారు. 1884లో బ్యాంగర్ పట్టణంలో వెలిసిన విశ్వవిద్యాలయ కళాశాలకు ఆ డబ్బు కూడా పునాది. తమ పిల్లలు దుమ్ములో నుంచి బయటపడాలన్నది వారి ఆశ. ఆ పిల్లల భాష వెల్షు. 19వ శతాబ్దపు బడుల్లో వెల్షు మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసి అవమానించేవారు. ఆ భాష చావలేదు. 2021లో ఆ పలకరాతి ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మార్కాపురం విద్యార్థికి ఈ కథ చెప్పండి. వేల్సు అంటే పటంలో రంగు వేసిన ముక్క కాదని, తన తాత ఎత్తిన రాయినే ఎత్తిన మనుషులున్న చోటని వాడికి తెలుస్తుంది. తెల్లవాళ్ళంతా ఒక్కటే అన్న అపోహ పోతుంది. దొరకూ కూలికీ మధ్య గీత చర్మపు రంగును బట్టి మాత్రమే పడలేదని అర్థమవుతుంది. అదే సమయంలో జమైకా బానిస కథ విన్నప్పుడు, రంగు పేరిట జరిగిన దారుణం కూడా అర్థమవుతుంది. జెండాలు వంద అతికించినా ఇంత జ్ఞానం రాదు.

బడిలో చెయ్యదగినది

ఉపాధ్యాయ మిత్రులు వెంటనే అడుగుతారు: సిలబసు, పరీక్షల మధ్య ఇదంతా సాధ్యమా? సాధ్యమే. దీనికి కొత్త పుస్తకం అక్కరలేదు. ఉన్న పాఠాన్ని ఊరి వైపు తిప్పితే చాలు. నేలపొరల పాఠం వచ్చినప్పుడు పిల్లలను గని దగ్గరకు తీసుకుపోవచ్చు. అక్కడ పనిచేసిన పెద్దలను తరగతికి పిలిచి, కూలి ఎంత, దుమ్ము ఎట్లా ఉండేది, పలక ఎక్కడికి పోయేది అని పిల్లల చేతనే అడిగించవచ్చు. మంద్‌సౌర్‌లోని ఒక బడితో హిందీలో ఉత్తరాలు నడపవచ్చు.

రెండవ పాఠం నీరు. 1937లో మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని మొదటిసారి శాస్త్రీయంగా గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లాకు చెందిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు తరువాత మన జిల్లాలో కలిశాయి. ఇక్కడి పిల్లల పళ్ళ మీద ఉన్న గారే ఇథియోపియా, కెన్యా, టాంజానియాల పగులులోయ పల్లెల్లోని పిల్లల పళ్ళ మీద ఉన్నది. చైనా పల్లెల్లోనూ ఉన్నది. నవ్వటానికి సిగ్గుపడే పొదిలి పిల్ల, తనలాగే సిగ్గుపడే కెన్యా పిల్ల ఒకతె ఉన్నదని తెలుసుకొన్న రోజున, ఇతరుల దృష్టితో చూడటం అనే మాటకు అర్థం దొరుకుతుంది. ఆ ఇద్దరి సమస్య ఒకటే ఐతే పరిష్కారం కూడా కలిసి వెతకవచ్చుననే ఆలోచన తనంతట తానే పుడుతుంది. కంభం చెరువును నీటిపారుదల నిపుణుల అంతర్జాతీయ సంస్థ 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించింది. రాణి కట్టించిందని చెప్పుకొనే ఆ కట్టకు మట్టి మోసినదెవరు, చివరి పొలానికి నీరు అందుతున్నదా అని కూడా పిల్లలు అడగగలగాలి.

మూడవది భాష. ఇంగ్లీషు వస్తే ప్రపంచం వచ్చినట్లే అనుకొనేవారున్నారు. దళిత, పేద కుటుంబాలు తమ పిల్లలకు ఇంగ్లీషు కావాలనటం న్యాయమైన కోరిక. తమ పిల్లలను ఇంగ్లీషులో చదివించుకొంటూ వారిని వద్దనే హక్కు ఎవరికీ లేదు. కాని ఇంగ్లీషు ఇవ్వటం వేరు, ఇంటిభాషకు సిగ్గుపడేట్లు చెయ్యటం వేరు. వేల్సులో మెడకు కట్టిన చెక్కముక్క మనకు పాఠం కావాలి. ఈ ప్రాంతపు ఒక్క తరగతిలోనే ఉర్దూ మాట్లాడే పిల్లలు, లంబాడీ మాట్లాడే తండా పిల్లలు, నల్లమల చెంచు యాసతో మాట్లాడే పిల్లలు ఉండవచ్చు. వీరి మాటను తరగతిలో వినిపించనివ్వకుండా, ఫ్రెంచివాడికి నమస్కారం ఎట్లా పెట్టాలో నేర్పటం హాస్యాస్పదం.

చివరిగా, అన్నిటికంటె కష్టమైనది. బడిలో మధ్యాహ్న భోజనం వరుస ఎట్లా కూర్చుంటున్నది? ఊరి పిల్లవాడు పల్లె స్నేహితుని ఇంట్లో నీళ్ళు తాగుతున్నాడా? కరువుకు తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగుళూరుకో వలసపోతే, వెంట వెళ్ళి తిరిగివచ్చిన పిల్లను తోటివారు ఎట్లా చూస్తున్నారు? ఈ ప్రశ్నలు పీసా కాగితంలో ఉండవు. 1867లో ఒంగోలు బడిని చీల్చిన ప్రశ్న మాత్రం ఇదే. దానికి జవాబు చెప్పని చదువు ఎన్ని దేశాలు తిరిగివచ్చినా ఇంకా అరుగు మీదనే ఉన్నట్లు లెక్క.

ప్రపంచ అవగాహన వద్దనటం మన పని కాదు. దాన్ని వేషాల స్థాయి నుంచి చరిత్ర స్థాయికి ఎత్తటం మన పని. పలక మీద ప్రపంచపటం గీయించే ముందు ఆ పలకను ఎవరు చేశారో చెప్పాలి. అక్కడ మొదలుపెట్టిన ఉపాధ్యాయుడు పిల్లలను జమైకా దాకా, కెన్యా దాకా తీసుకుపోగలడు. దారిలో మొదట దాటవలసింది మాత్రం ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న వీధి.